ఎస్‌పీఎల్ (బడి విద్యార్థి నాయకుడు) ఎన్నిక అయిపోయాక ఏంటి? పౌరశాస్త్రం పాఠాన్ని మీ బడిలో ఎలా చెబుతున్నారు?

పాలమూరు సోషల్ సార్ | జనవరి 4, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో సోషల్ స్కూల్ అసిస్టెంట్‌ని. పద్నాలుగేళ్ల సర్వీసు. మూడు వారాలుగా ఒక ప్రశ్న మనసులో తిరుగుతోంది. మీ అనుభవాలు చెప్తారని రాస్తున్నా.

డిసెంబరు 14న రెండో విడత పంచాయతీ ఎన్నికల్లో మా బడే పోలింగ్ కేంద్రం. నేను వేరే మండలంలో డ్యూటీలో ఉన్నా కానీ పిల్లలు గోడ అవతల నిలబడి అంతా చూశారు. పొద్దున 7 నుంచి ఒంటిగంట దాకా ఓట్లు, రెండింటికి లెక్కింపు మొదలు, అది కాగానే గెలిచిన వార్డు సభ్యులంతా కూర్చుని ఉపసర్పంచ్‌ని ఎన్నుకోవడం. ప్రత్యక్ష ఎన్నిక, పరోక్ష ఎన్నిక రెండూ ఒకే రోజు, వాళ్లు కూర్చునే గదిలోనే జరిగాయి. ఏటా బోర్డు మీద రెండు గళ్లు గీసి తేడాలు రాయించే పాఠం అది. ఈసారి గులాబీ బ్యాలెట్ ఎవరికి, తెల్ల బ్యాలెట్ ఎవరికి అని అడిగితే వెనక బెంచీ నుంచి కూడా జవాబు వచ్చింది.

అప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె లేచి అడిగింది. "సార్, జూలైలో మనం కూడా ఎస్‌పీఎల్‌కి ఓట్లేసినం కదా. గెలిచిన అన్న ఇప్పుడు ఏం చేస్తున్నడు?"

నిజంగా ఆలోచిస్తే, ప్రార్థనలో సావధాన్, విశ్రామ్ చెప్తాడు. సార్లు లేని పీరియడ్‌లో మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయిస్తాడు. ఆ ఎన్నిక కోసం నేను నామినేషన్లు వేయించాను, గుర్తులు ఇచ్చాను, వేలికి సిరా చుక్క పెట్టించాను. ఇంత చేసి, పిల్లలు ఓటేసి తెచ్చుకున్నది తమ పేర్లు రాసేవాణ్ణి. ఓటు వల్ల ఏమీ మారదని నేనే నేర్పినట్టు అయింది కదా అని ఆ రోజు నుంచి బాధగా ఉంది.

జనవరి 25 ఓటర్ల దినోత్సవం వస్తోంది. ఎప్పటిలా ప్రతిజ్ఞ, వ్యాసరచన, ముగ్గుల పోటీతో సరిపెట్టాలని లేదు. మీరు చేసి చూసినవి చెప్పండి. పని చేయనివి కూడా చెప్పండి.


గోదారిగట్టు టీచర్ | జనవరి 4, రాత్రి 10:25

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నే మీ పాఠం అండి. దాన్ని వదలకండి.

రాజ్యాంగం పాఠం దగ్గర నేను చేసేది చెబుతాను. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో ప్రవేశిక మీద చర్చ జరిగింది. సభ్యుడు హెచ్.వి. కామత్ గారు ప్రవేశికను "దేవుని పేరిట" అన్న మాటతో మొదలుపెడదామని సవరణ తెచ్చారు. పిల్లలకి ఇంతవరకే చెబుతాను. తర్వాత ఏమైందో చెప్పను. తరగతిని మూడుగా చేస్తాను. కావాలనేవాళ్లు కిటికీ వైపు, వద్దనేవాళ్లు గోడ వైపు, ఇంకా తేల్చుకోనివాళ్లు మధ్యలో. మాట్లాడుతుండగా మనసు మారితే లేచి అటు ఇటు వెళ్లొచ్చు.

నియమం ఒక్కటే. ఎదుటివాళ్లకి జవాబు చెప్పేముందు వాళ్లన్న మాటను మన మాటల్లో తిరిగి చెప్పాలి. వాళ్లు "అవును, నేనన్నది అదే" అని ఒప్పుకున్నాకే మన వాదన. మొదట్లో విసుక్కుంటారు. పది నిమిషాలయ్యేసరికి గొంతులు వాటంతటవే తగ్గుతాయి, ఎందుకంటే వినకపోతే తిరిగి చెప్పలేరు కదా.

పోయినేడు మా ఊరి పూజారిగారబ్బాయి గోడ వైపు కూర్చున్నాడు. అందరూ ఆశ్చర్యపోయారు. ఏంట్రా అంటే, "దేవుడి పేరు ఓడిపోతే బాగోదు కదా టీచర్, అసలు ఓటుకే పెట్టకూడదు" అన్నాడు. ఆ రోజు సభలో పూర్ణిమా బెనర్జీ గారు కామత్‌ని కోరింది కూడా ఇదే, దేవుణ్ణి ఓటింగుకి పెట్టే ఇబ్బందిలోకి మమ్మల్ని నెట్టవద్దని. పదమూడేళ్ల పిల్లాడు తనంతట తాను అక్కడికి వచ్చాడు. ఆ మాట చదివి వినిపిస్తే వాడి ముఖం చూడాలి!

చివర్లో స్లిప్పుల మీద ఓటు వేయించి, ఆ తర్వాతే బోర్డు మీద అసలు లెక్క రాస్తాను. అనుకూలం 41, వ్యతిరేకం 68. సవరణ వీగిపోయింది. మా తరగతిలో ఒక్కో ఏడాది ఒక్కోలా వస్తుంది. ఏది వచ్చినా నేను మంచిది, చెడ్డది అనను.

అలాగే ఆ సభలో కూర్చున్న 15 మంది మహిళల్లో మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి గారు ఒకరని తప్పకుండా చెబుతాను. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఆమెకి పద్నాలుగేళ్లు. ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరు. టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే ఆపేసింది. నిర్వాహకులు టిక్కెట్టు కొనిచ్చాకే లోపలికి పంపింది. ఈ కథ చెప్పి, "మీరైతే ఆపేవాళ్లా?" అని అడిగి ఊరుకుంటాను. ఆ పీరియడంతా ఇక నేను మాట్లాడక్కర్లేదు.


పల్లెబడి | జనవరి 5, ఉదయం 6:50

గోదారిగట్టు మేడమ్, ఆ "తిరిగి చెప్పాలి" నియమం ఈ రోజే మొదలుపెడుతున్నాను. ధన్యవాదాలు.


పదో తరగతి నాన్న | జనవరి 5, ఉదయం 8:15

టీచర్లందరూ మన్నించాలి. మా అబ్బాయి ఈ ఏడాది పది. మార్చిలో పరీక్షలు. ఇలాంటి చర్చలు వినడానికి బాగుంటాయి కానీ సోషల్లో సిలబస్ ఎంతుందో మీకు తెలుసు. ఇంట్లో వాడి టెన్షన్ చూస్తున్నవాణ్ణి. ఒక పీరియడ్ అంతా దేవుడి పేరు ఉండాలా వద్దా అని మాట్లాడుకుంటే ఆ పాఠంలో నాలుగు మార్కుల ప్రశ్న ఎవరు చదివిస్తారు? కూలి పని చేసుకునే మాలాంటివాళ్లు పిల్లలకి మార్కులు వస్తాయనే కదా బడికి పంపేది.


డిగ్రీ రెండో ఏడు | జనవరి 5, మధ్యాహ్నం 1:05

అంకుల్, మీ భయం నాకు తెలుసు. మా నాన్న కూడా ఇలాగే అనేవారు. నేను పల్లెటూరి సర్కారు బడిలో చదివాను. మా సోషల్ మేడమ్ వారానికి ఒక్క పీరియడ్ దినపత్రిక తెచ్చి, ఒక వార్త చదివించి, ఇందులో ఎవరి మాట వినపడలేదు అని అడిగేవారు. రోడ్డు విస్తరణ వార్త అయితే కలెక్టర్ మాట ఉండేది, ఎమ్మెల్యే మాట ఉండేది, బండి మీద పండ్లు అమ్మేవాళ్ల మాట ఉండేది కాదు. ఆ ఒక్క అలవాటుతో పదో తరగతి పేపర్లో "మీ అభిప్రాయం రాయండి" అన్న ప్రశ్నలు ఏవీ వదల్లేదు. కంఠతా పట్టినవాళ్లు అక్కడే ఆగిపోయారు.


పాలమూరు సోషల్ సార్ | జనవరి 5, రాత్రి 8:30

నాన్నగారూ, మీరు అడగడమే మంచిదైంది. మా దగ్గర పేపర్ విద్యాప్రమాణాల ప్రకారం ఉంటుంది. వాటిలో "సమకాలీన అంశాలపై ప్రతిస్పందన, ప్రశ్నించడం" అని ఒకటి ఉంది. దానికి జవాబు గైడులో దొరకదు, పిల్లాడు ఎప్పుడైనా నోరు విప్పి మాట్లాడి ఉంటేనే రాయగలడు. ఎఫ్‌ఏలో (ఏడాది మధ్యలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనంలో) ప్రాజెక్టు పని కూడా ఎలాగూ చేయించాలి, దాన్నే దీనికి వాడుకుంటే అదనపు టైమ్ పట్టదు. అయినా పదో తరగతికి జనవరి నుంచి మార్చి దాకా నేనూ రివిజనే చేయిస్తాను, ఆ విషయంలో మీ మాటే నా మాట. ఇవన్నీ ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులకి.


లెక్కల మేడమ్ | జనవరి 5, రాత్రి 9:10

నాది సోషల్ కాదు, అయినా చెప్పాలనిపించింది. ఎనిమిదో తరగతికి దత్తాంశ నిర్వహణ చెప్పేటప్పుడు ఓట్లతో రెండు పనులు చేయిస్తాను.

ఒకటి. ఒకే ప్రశ్నకి ముందు చేతులెత్తించడం, తర్వాత పేరు లేని స్లిప్పుల మీద రాయించడం. ప్రశ్న మామూలుదే, "మన తరగతిలో ఆడపిల్లలకి ఆట పీరియడ్‌లో బంతి దొరుకుతోందా?" చేతులెత్తినప్పుడు 40 మందిలో దొరకట్లేదన్నవాళ్లు 5. స్లిప్పుల్లో 19. రెండు అంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాసి పక్కకి తప్పుకున్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పిల్ల మెల్లగా, "చెయ్యెత్తితే ఎవరెత్తారో కనిపిస్తుంది కదా మేడమ్" అంది. రహస్య బ్యాలెట్ ఎందుకో నేను ఒక్క వాక్యం కూడా చెప్పలేదు.

రెండోది. స్టాఫంతా కలిసి వేసిన 1,500 రూపాయలతో తరగతికి ఏం కొనాలి? క్రికెట్ కిట్ 16, కథల పుస్తకాలు 13, వాలీబాల్ నెట్ 11. ఎక్కువ వచ్చింది క్రికెట్‌కే కాబట్టి అదే గెలిచిందని కేకలు. అప్పుడు అడిగాను, 40 మందిలో 24 మంది క్రికెట్ వద్దన్నారు కదా, మరి అది అందరి మాట ఎలా అవుతుంది? మళ్లీ స్లిప్పులిచ్చి 1, 2, 3 అని ప్రాధాన్యం రాయించాను. అందరికంటే తక్కువ వచ్చిన వాలీబాల్‌ని తీసేసి, ఆ 11 స్లిప్పుల్లో రెండో ప్రాధాన్యం చూస్తే 8 పుస్తకాలకి, 3 క్రికెట్‌కి. పుస్తకాలు 21, క్రికెట్ 19. పిల్లలు అవే, ఇష్టాలూ అవే, లెక్కించే పద్ధతి మారితే గెలుపు మారింది.

ఇది పుస్తకంలోని వింత కాదు. టీచర్ ఎమ్మెల్సీ ఎన్నికల్లో వాళ్లిచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్‌తో మనం అంకెలు వేసేది ఇందుకే. రాష్ట్రపతి ఎన్నిక కూడా ఈ పద్ధతిలోనే. పిల్లలు మాత్రం "ఏ పద్ధతో ముందే చెప్పాలి మేడమ్, లెక్క తెలిశాక మార్చకూడదు" అని నాతో గట్టిగా గొడవ పడ్డారు. వాళ్లదే న్యాయం. నేను ఒప్పుకుని, ఆసారికి క్రికెట్ కిట్టే కొన్నాం. పద్ధతిని తర్వాతి ఏడాదికి మార్చాం.


పాలమూరు సోషల్ సార్ | జనవరి 5, రాత్రి 9:55

మేడమ్, ఆ చివరి రెండు వాక్యాల కోసం మీకు దండం పెట్టాలి. లెక్క తెలిశాక నియమం మార్చకూడదని పిల్లలే పట్టుకున్నారంటే ఇంక ఏం కావాలి.


సిక్కోలు ఉపాధ్యాయిని | జనవరి 6, సాయంత్రం 5:20

నేను చేసిందీ, అందులో దెబ్బ తిన్నదీ రెండూ చెబుతాను. కొత్తవాళ్లకి పనికొస్తుంది.

విద్యా హక్కు చట్టం చివర ఒక షెడ్యూలు ఉంటుంది. బడికి ఏమేం ఉండాలో అందులో రాసి ఉంది. టీచర్‌కి ఒక గది, ఆడపిల్లలకి, మగపిల్లలకి వేర్వేరు మరుగుదొడ్లు, తాగే నీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ లేదా కంచె, దినపత్రికలు కూడా వచ్చే గ్రంథాలయం. దాన్ని తేలిక మాటల్లో రాసి ఏడో తరగతికి ఇచ్చి, బడంతా తిరిగి ఉన్నదీ లేనిదీ గుర్తు పెట్టుకురండి అన్నాను. కొలతలు కూడా తెచ్చారు. కుళాయిలు ఆరు, నీళ్లొచ్చేవి రెండు. మధ్యాహ్నం బెల్లు కొట్టాక చివరి పిల్లకి చేతులు కడుక్కునే వంతు రావడానికి పదకొండు నిమిషాలు, గడియారం పెట్టి చూశారు. "నీటి సమస్య" అని నేను ఎన్నిసార్లు అన్నా ఎవరూ పట్టించుకోలేదు. ఆ పదకొండు నిమిషాలు రాసిన కాగితం బడి యాజమాన్య కమిటీ సమావేశంలో తల్లిదండ్రులే పైకి చదివారు. పది రోజుల్లో నాలుగు కుళాయిలూ బాగయ్యాయి.

ఆ ఊపులో తొందరపడ్డాను. తర్వాతి నెల మధ్యాహ్న భోజనం మీద పెట్టాను. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి రోజుకి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు లెక్క. పిల్లలు త్రాసు తెచ్చారు. విషయం ఊళ్లోకి వెళ్లింది. పిల్లల్ని మామీదకి ఉసిగొల్పుతోందని ఒకరు మా ఇంటి ముందుకొచ్చి గొడవ చేశారు. ఎవరో చెప్పడం అనవసరం. నా మీద మాట పడితే పడింది. కానీ త్రాసు పట్టుకున్న పిల్లాణ్ణి బజార్లో ఆపి తిట్టారు. వాడు వారం రోజులు బడికి రాలేదు. వాళ్లింటికి వెళ్లి, వాళ్లమ్మ ముందు కూర్చుని తప్పు నాదని చెప్పి తీసుకొచ్చుకున్నాను.

అప్పటి నుంచి నాకు నేను పెట్టుకున్న కట్టుబాటు ఏమిటంటే, పిల్లలు ఎత్తే ప్రశ్నకి దెబ్బ తగిలితే అది ముందు నాకు తగలాలి. కాగితం మీద పిల్లల పేర్లుండవు, "ఏడో తరగతి" అని ఉంటుంది. సంతకం నాది. ఒక మనిషి వైపు వేలు చూపించే అంశం పిల్లల చేత చేయించను. అది పెద్దవాళ్ల పని, పెద్దవాళ్లమే చేయాలి.


పల్లెబడి | జనవరి 6, సాయంత్రం 6:10

మేడమ్, చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఇలాంటివి ఎవరూ చెప్పరు. ఆ పిల్లాడు ఇప్పుడు బాగున్నాడా?


సిక్కోలు ఉపాధ్యాయిని | జనవరి 6, రాత్రి 7:30

బాగున్నాడండి. ఇంటర్ చదువుతున్నాడు. పండక్కి వస్తే కలుస్తాడు.


కోర్టు మెట్లు | జనవరి 7, ఉదయం 7:45

లాయర్‌ని. జిల్లా న్యాయసేవాధికార సంస్థ తరఫున బడుల్లో మాట్లాడుతుంటాను. సిక్కోలు మేడమ్ మాటకి ఒకటి కలుపుతాను. మనిషి మీద ఫిర్యాదు వేరు, సమాచారం అడగడం వేరు. పిల్లలకి రెండోది నేర్పడం చాలా తేలిక.

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉంది. జవాబుకి గడువు 30 రోజులు. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకి రుసుమే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. చట్టం "పౌరులందరికీ" అంటుంది, వయసు పెట్టలేదు. గాంధీగారికి జాతిపిత బిరుదు ఎవరు, ఎప్పుడు ఇచ్చారో చెప్పండని 2012లో లక్నో బడిపిల్ల ఒకరు ప్రధాని కార్యాలయాన్నే అడిగింది. అలాంటి ఉత్తర్వు ఏదీ రికార్డుల్లో లేదని తేలింది.

తరగతిలో నేను చేయించేది ప్రశ్న రాయించడం. "మా ఊరి రోడ్డు ఎందుకు బాగోలేదు?" అని రాస్తారు. ఇది ఫిర్యాదు, దీనికి కాగితం దొరకదు అంటాను. ఏ కాగితంలో ఉంటుందో ఆలోచించి అడగమంటాను. మూడో ప్రయత్నానికి "ఫలానా వీధి రోడ్డు పనికి మంజూరైన మొత్తం, పని పూర్తి చేయాల్సిన తేదీ, కొలతల పుస్తకం నకలు ఇవ్వగలరు" దగ్గరికి వస్తారు. ఆ మూడు చిత్తు ప్రతులూ నోట్సులో పక్కపక్కన ఉంచుకోమంటాను. దరఖాస్తు పంపకపోయినా సరే, కోపాన్ని ప్రశ్నగా మార్చడం చేతికొస్తుంది.


మాజీ వార్డు మెంబరు | జనవరి 7, రాత్రి 9:00

టీచర్లకు నమస్కారం. ఐదేండ్లు వార్డు మెంబరుగా చేసిన. గ్రామసభలు దగ్గరగా చూసిన మనిషిని. గ్రామసభ అంటే ఓటరు జాబితాలో పేరున్న ఊరోళ్లంతా. కానీ మా దగ్గర సభకు వచ్చేది ముప్పై నలభై మందే. ఆడవాళ్లు వెనక నిలబడి పోతుండిరి. తీర్మానాల పుస్తకంల సంతకాలు తర్వాత ఇండ్ల పొంటి తిరిగి పెట్టించేటోళ్లు.

సార్లు పిల్లలను సభకు తీసుకొస్తే మంచిదే. పిల్లలకు ఓటు లేదు గానీ కూర్చుని చూడొచ్చు, కాగితం ఇయ్యొచ్చు. ఒక్కసారి ఒక బడి నుంచి పది మంది పిల్లలు వచ్చి ముందల కూర్చున్నరు. ఆ రోజు కార్యదర్శి లెక్కలు పూర్తిగా చదివిండు, అంతకుముందు ఎన్నడూ సదవలే. పిల్లలు నోట్సు రాసుకుంటుంటే పెద్దోళ్లకు కూడా భయం ఉంటది. ఇంకోటి, పిల్లలు వస్తే వాళ్ల అమ్మలు వస్తరు.

ఏకగ్రీవం పేరు మీద సర్పంచ్ పదవి వేలం పెడుతున్నరు కొన్ని ఊళ్లల్ల. పైసలు గుడికి అంటరు, అందరూ సరే అంటరు. దీని మీద కూడా పిల్లలతో మాట్లాడాలె.


గోదారిగట్టు టీచర్ | జనవరి 7, రాత్రి 9:50

అన్నగారూ, వేలం సంగతి నేను మాట్లాడించాను. జాగ్రత్తగా చేయాల్సిన చర్చ అండి, ఎందుకంటే తరగతిలో వేలం పాడినవాళ్ల పిల్లలూ ఉంటారు, పాడలేనివాళ్ల పిల్లలూ ఉంటారు. అది చట్టవిరుద్ధమని ఎన్నికల సంఘం చెబుతూనే ఉందని చెప్పాను. తప్పు ఎవరిదని మాత్రం అడగలేదు. "వేలం జరిగిన అరుగు మీద ఎవరు కూర్చున్నారు? ఎవరు లేరు?" అని మాత్రం అడిగి అరుగు బొమ్మ గీయించాను. ముప్పై బొమ్మల్లో ఒక్కదాంట్లో కూడా ఆడవాళ్లు లేరు. సర్పంచ్ పదవుల్లో సగం మహిళలకి రిజర్వు అని ముందు రోజే చదువుకున్నాం. ఆ బొమ్మలన్నీ గోడకి అంటించాం. పిల్లలే ఒకదాని పక్కన ఒకటి చూసుకుంటూ నిలబడ్డారు.


బళ్లారి తెలుగు | జనవరి 8, ఉదయం 10:30

మా వైపు కర్ణాటకలో పిల్లల కోసమే ఏటా ఒకసారి పంచాయతీలు గ్రామసభ పెట్టాలి, మక్కళ గ్రామసభ అంటారు. అధ్యక్షులు, అధికారులు వచ్చి కూర్చుంటారు, పిల్లలు అడుగుతారు. బాగా జరిగే చోట బస్సు టైము మార్పించుకున్న పిల్లలున్నారు. మొక్కుబడిగా జరిగే చోట సన్మానాలు, శాలువాలు, బిస్కెట్లు. తేడా ఎక్కడుందంటే, కిందటేడు అడిగినవి ఏమయ్యాయో మొదట చదివి వినిపిస్తారా లేదా అన్నచోట. మా బడిలో పిల్లలు ఒక పాత రిజిస్టర్‌లో అడిగింది, ఎవరు ఒప్పుకున్నారు, ఎప్పటికి అని మూడు గళ్లు గీసి పెట్టుకుంటారు. మీ దగ్గర అలాంటి సభ లేకపోయినా ఆ రిజిస్టర్ పెట్టుకోవచ్చు.


న్యూజెర్సీ అమ్మ | జనవరి 8, రాత్రి 11:15

మేము ఇక్కడ అమెరికాలో పౌరసత్వ పరీక్షకి 100 ప్రశ్నలు కంఠతా పట్టి వెళ్లాం. అందులోంచి పది అడిగారు, అప్పట్లో ఆరు వస్తే చాలు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి నాకు ప్రశ్నలు అడుగుతూ, "అమ్మా, నీకు జవాబు తెలుసు కానీ అర్థం తెలీదు" అంది.

వాళ్ల బడిలో ఐసివిక్స్ అనే ఆటలు వాడతారు. ఇక్కడి సుప్రీంకోర్టులో మొదటి మహిళా న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్ గారు 2009లో మొదలుపెట్టిన సంస్థ. ఒక ఆటలో పిల్లలు లాయర్ ఆఫీసు నడుపుతారు. మనుషులు వచ్చి కష్టం చెబుతారు. నిజంగా వాళ్ల హక్కుకి భంగం కలిగిందా, లేక కోపం మాత్రమేనా తేల్చి, అమెరికా రాజ్యాంగంలో ఏ సవరణ కిందకి వస్తుందో చూసి తగిన లాయర్‌ని ఇవ్వాలి. కంప్యూటర్ లేకుండా కాగితాల మీద కూడా ఆడించొచ్చు, మన రాజ్యాంగంలో 14 నుంచి 32 దాకా అధికరణాలు పెట్టుకుని. సెలవుల్లో గుంటూరు వచ్చినప్పుడు మా అన్నయ్య పిల్లలతో ఆడాం. "హోటల్లో వాళ్లు మమ్మల్ని వేరే గ్లాసులో నీళ్లు తాగమన్నారు" అన్న చీటీ వచ్చినప్పుడు 15వదా (వివక్ష నిషేధం), 17వదా (అంటరానితనం నిషేధం) అని ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. రెండూ వర్తిస్తాయని చెప్పడానికి మా వదిన వంటింట్లోంచి వచ్చింది.


రిటైర్డ్ హెచ్ఎం | జనవరి 9, ఉదయం 6:15

అంతా చదివాను. సంతోషం. ఒక్క మాట. అందరూ హక్కుల గురించే చెబుతున్నారు. బాధ్యతలు ఎవరు చెబుతారు? కుళాయి కట్టని పిల్లవాడికి కుళాయి గురించి అడిగే అర్హత ఎక్కడిది? నా సర్వీసంతా ముందు విధులు నేర్పాను, తర్వాతే హక్కులు.


సిక్కోలు ఉపాధ్యాయిని | జనవరి 9, సాయంత్రం 4:40

సార్, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. ముందు, తర్వాత అన్నదాంతో నేను ఏకీభవించలేను. నీళ్లు రాని కుళాయిని కట్టే బాధ్యత ఎలా నేర్పాలి సార్? మా పిల్లలు ఆరు కుళాయిలూ పనిచేయడం మొదలయ్యాక వంతులేసుకుని కట్టేస్తున్నారు, ఎవరూ చెప్పలేదు. తాము తెచ్చుకున్నది కాబట్టి.

ప్రాథమిక విధుల గురించి నేనూ చెబుతాను. 1976లో 42వ సవరణతో పది వచ్చాయి, 2002లో 86వ సవరణతో పదకొండోది. ఆ పదకొండోది మీ మీద కాదు, మీ అమ్మానాన్నల మీద, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని చదివించే విధి అని చెబితే తరగతిలో కళ్లు పెద్దవి అవుతాయి. మిరప కోతలకి పంపేస్తారని భయపడే పిల్లలు దాన్ని రాసుకుని ఇంటికి తీసుకెళతారు.


రిటైర్డ్ హెచ్ఎం | జనవరి 9, రాత్రి 8:05

తల్లీ, "తాము తెచ్చుకున్నది కాబట్టి" అన్న మాట దగ్గర ఆగాను. ఇది ఆలోచించాల్సిన విషయమే.


పాలమూరు సోషల్ సార్ | జనవరి 24, రాత్రి 9:20

సంక్రాంతి సెలవులయ్యాక బడి తెరిచి వారమైంది. మీరు చెప్పినవి కొన్ని చేశాను. ఏమైందో చెప్పాలి కదా.

ముందు మా హెచ్ఎం గారి దగ్గరికి వెళ్లాను. ఎస్‌పీఎల్‌కీ, తరగతి ప్రతినిధులకీ కలిపి మూడు విషయాల మీద నిజమైన నిర్ణయాధికారం ఇవ్వమని అడిగాను. ఆట సామాను ఎవరికి ఎప్పుడు, లైబ్రరీ బీరువా తాళం, తరగతి నియమాలు. మొదటి రెండింటికి సరే అన్నారు. మూడోదానికి, "టీచర్ లేనప్పుడు తరగతి అదుపు తప్పితే?" అన్నారు. ఒక నెల చూసి చెబుదామన్నాను. ఒప్పుకున్నారు.

ఎనిమిదో తరగతి వాళ్లు తమ తరగతికి రాజ్యాంగం రాసుకున్నారు, ఒకే పేజీ. "ఎనిమిదో తరగతి విద్యార్థులమైన మేము" అని మొదలుపెట్టారు. నియమం మార్చాలంటే మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలని పెట్టుకున్నారు. లెక్కించే పద్ధతి ముందే బోర్డు మీద రాశారు, లెక్కల మేడమ్ పిల్లల మాట గుర్తుండి నేనే చెప్పాను.

మొదటి సవరణ ఏం తెచ్చారో ఊహించగలరు. బోర్డు మీద పేర్లు రాయడం తీసేయాలని. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయే ప్రతిపాదించింది. తిరిగి చెప్పే నియమంతో నలభై నిమిషాలు చర్చ. పదో తరగతి నుంచి ఎస్‌పీఎల్‌ని పిలిపించాం. వాడు లేచి గోడ వైపు చూస్తూ అన్నాడు, "పేర్లు రాయించుడు నాకు కూడా ఇష్టం లేదు. మా తమ్ముని పేరు కూడా రాయించిన ఒకసారి. ఇంటికి పోయినంక వాడు నాతోని మాట్లాడలే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అప్పుడు ఓటు.

36 మంది హాజరు. కావలసింది 24. తీసేయాలని 26, వద్దని 7, ఖాళీ స్లిప్పులు 3. పేర్లకి బదులు, గోల ఎక్కువైతే ఆ రోజు తరగతి ప్రతినిధి లేచి నిలబడాలి, అందరూ ఆగాలి, ఆగకపోతే మర్నాడు ఆట పీరియడ్‌లో పది నిమిషాలు పోతాయి. ఇది కూడా వాళ్లు పెట్టుకున్నదే. నాలుగు రోజుల్లో ఒకసారి పది నిమిషాలు పోయాయి. గడియారం చూసి వాళ్లే లోపల కూర్చున్నారు.

బళ్లారి మిత్రులు చెప్పిన మూడు గళ్ల రిజిస్టర్ కూడా మొదలైంది. మొదటి వరుసలో రాసింది వెనక గేటు దగ్గర వీధి దీపం. కొత్త సర్పంచ్ గారు వచ్చి "ఫిబ్రవరి 10 లోపు" అని తన చేత్తో రాసి సంతకం పెట్టారు.

లెక్కల మేడమ్, ఒక సందేహం. ఆ మూడు ఖాళీ స్లిప్పుల మీద తరగతిలో పెద్ద వాదన నడుస్తోంది. మూడింట రెండు వంతులంటే వచ్చిన 36లోనా, ఏదో ఒకటి రాసిన 33లోనా? ఈసారి ఎలా చూసినా నెగ్గింది కాబట్టి ఇబ్బంది రాలేదు. వచ్చేసారి రావచ్చు.


లెక్కల మేడమ్ | జనవరి 24, రాత్రి 9:45

సార్, పార్లమెంటులో రాజ్యాంగ సవరణకి రెండూ చూస్తారు. హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతులు ఉండాలి, అది సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి కూడా ఉండాలి. ఆ 368వ అధికరణాన్ని పిల్లలకి చదివి వినిపించి, ఏది తీసుకోవాలో సోమవారం జెండా వందనం అయ్యాక వాళ్లనే తేల్చుకోనివ్వండి. ఆ ముగ్గురూ ఎవరని మాత్రం అడగనివ్వకండి.